నాయన నిజం చెప్పిన శుక్రవారం

పోయిన నెలలో మా చర్చి సంఘంలో స్త్రీల కూడిక జరిగినప్పుడు, పెద్దదాన్ని కదా అని నన్ను కూడా సాక్ష్యం చెప్పమన్నారు. సాక్ష్యమంటే దేవుడు మన బ్రతుకులో చేసిన మేలును నలుగురి ముందు నిలబడి చెప్పుకోవడం. నాకంటే ముందు ఒకామె మోకాళ్ల నొప్పులు తగ్గిన సంగతి చెప్పింది, ఇంకొకామె కొడుక్కి ఉద్యోగం వచ్చిన సంగతి చెప్పింది, అందరూ చప్పట్లు కొట్టారు. మైకు నా చేతికిస్తూ ఒక పిల్ల "అమ్మమ్మా, కొంచెం బిరీన ముగించు, అన్నాలు చల్లారిపోతా ఉండాయి" అని చెవిలో చెప్పింది. నిలబడ్డానే గానీ నా నోటికి వచ్చింది నా సంగతి కాదు, మా నాయన సంగతి. అది అన్నాలు చల్లారేలోగా చెప్పేది కాదు. దేవునికి స్తోత్రమని చెప్పి కూర్చున్నాను. ఆనాటి నుంచి ఆ చెప్పని మాట గొంతులోనే నిలిచిపోయింది. నా ఈడువాళ్లు మీరున్నారు గదా, తీరిగ్గా మీకు చెబుతాను.

మీరు ఏ ఊళ్లో పుట్టినా సరే, మీ మొదటి అక్షరం మా మార్కాపురం రాయి మీదే దిద్ది ఉంటారు. ఆ రోజుల్లో మా ఊరి చుట్టూ పలకల గనులే. భూమిలోంచి నల్లరాయిని పొరలు పొరలుగా చీల్చి, కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించి దేశమంతా పంపేవారు. మా పేటలో మగవాళ్లందరూ గనిలోకి, ఆడవాళ్లు కోత షెడ్లలోకి పోయేవారు. సాయంత్రం ఇళ్లకు వచ్చేవాళ్లను చూస్తే పిండిమరలోంచి వచ్చినట్టు కనురెప్పల దాకా దుమ్ము. బలపాలు తినే అలవాటున్న పిల్లలు ఆ దుమ్మును వేలితో తీసి నాకేవారు, తల్లులు వీపు మీద చరిచేవారు. అదంతా మాకు నవ్వులాటగానే ఉండేది. ఆ దుమ్ము మనుషుల ఊపిరితిత్తుల్లో ఏం చేస్తుందో ఆనాటికి ఎవరికీ పట్టలేదు.

మా నాయన ఒక గనిలో మేస్త్రీ. రాతిలో తూటాలు పెట్టి పేల్చే పని ఆయన చేతి మీదుగా జరిగేది. మాట తక్కువ మనిషి, కోపం ఎక్కువ. మేము క్రైస్తవులమైనా నాయన గుడికి వచ్చేది క్రిస్మసుకీ, గుడ్ ఫ్రైడేకీ. మిగతా ఆదివారాలు ఆ లెక్కంతా అమ్మే చూసుకునేది. నేను ట్రైనింగు పూర్తిచేసి మా ఊళ్లోనే ప్రాథమిక పాఠశాలలో కొత్తగా పంతులమ్మగా చేరాను. గని మేస్త్రీ కూతురు టీచరైందని నాయన పైకి ఏమీ అనలేదు గానీ, నేను బడికి బయలుదేరేటప్పుడు వాకిట్లో అడ్డంగా ఉన్న సైకిల్‌ను తానే పక్కకు జరిపేవాడు.

నేను ఉద్యోగంలో చేరకముందే ఆ గనిలో ఒక ప్రమాదం జరిగింది. దూది ఏకి పరుపులు కుట్టే నూర్బాషా కుటుంబంలోని ఒకాయన, ఆ పనితో ఇల్లు గడవక గని పనికి వచ్చేవాడు, తూటా పేలి చనిపోయాడు. తాగి వచ్చి, మేస్త్రీ వద్దంటున్నా వినకుండా తూటా దగ్గరికి పోయాడని చెప్పుకున్నారు. పోలీసులు అదే రాసుకున్నారు. గని యజమాని అదే చెప్పాడు. నాయన ఆ రోజు ఇంటికి వచ్చి, అన్నం వద్దని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కళ్ల ముందు మనిషి పోయాడు కదా, దిగులు పడ్డాడని మేము అనుకున్నాం. ఐదు పూటలా నమాజు చేసే మనిషికి తాగుబోతనే పేరు వస్తే ఆ ఇంటివాళ్లకు ఎట్లా ఉంటుందో అప్పుడు మాకు తట్టలేదు.

ఆయన కూతురు నా తరగతిలోనే ఉండేది. మూడో తరగతి. ఎవరితోనూ కలవదు, గోడ పక్కనే కూర్చుంటుంది. ఒకరోజు ఆ పిల్ల పక్కవాడి పలక లాక్కుని నేలకేసి కొట్టింది, అది ముక్కలైంది. ఎందుకు కొట్టావని గద్దించాను. పిల్ల ఏడవలేదు. నా కళ్లలోకి చూస్తూ "మా నాయన తాగడు టీచర్. మా నాయన తాగడు" అని, అడిగిన ప్రతి ప్రశ్నకూ అదే జవాబు చెప్పింది. తర్వాత తెలిసింది, పిల్లలంతా ఆ పిల్లను తాగుబోతోని కూతురా అని పిలుస్తున్నారట.

ఆ సాయంత్రం అన్నాల దగ్గర, బడి కబుర్లలో ఒక కబురుగా ఈ సంగతి చెప్పాను. నాయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "ఆ పిల్ల ఏమనింది?" అని అడిగాడు. మళ్లీ చెప్పాను. కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి వెళ్లిపోయాడు.

అప్పటినుంచి మా ఇల్లు ఇల్లుగా లేదు. నాయన తినడం తగ్గించాడు, మాట్లాడటం మానేశాడు. తూటా అంటించే వేళకు చేతులు వణుకుతున్నాయని తోటి పనివాళ్లు వచ్చి అమ్మతో చెప్పారు. అమ్మ మలేరియా అనుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది, సంఘ అయ్యగారిని, అంటే మా పాస్టరును, పిలిపించి ప్రార్థన చేయించింది. నాయన ప్రార్థన మధ్యలోనే లేచి బయటికి పోయాడు. తమ్ముడు చిన్నవాడు, నాయన వస్తున్న అలికిడైతే చాలు పెరట్లోకి పారిపోయేవాడు.

ఇట్లా ఉండగా గుడ్ ఫ్రైడే ముందటి నలభై రోజుల శ్రమల కాలం వచ్చింది. ఆ ఏడు మా పేటలో పందిరి వేసి సాయంత్రం కూటాలు పెట్టారు. వాక్యం చెప్పడానికి గిద్దలూరు నుంచి ఒక ముసలి అయ్యగారు రైల్లో వచ్చాడు. ఇప్పటి ప్రసంగీకుల్లాగా కేకలు వేసే మనిషి కాదు, పక్కన కూర్చుని మాట్లాడినట్టు మాట్లాడేవాడు. నాయన పందిట్లోకి రాకుండా బయట గుంజను పట్టుకుని నిలబడ్డాడు. ఆయన ఆనాడు చెప్పిన మాటల్లో ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. "దేవుని కనికరం ఊరికే దొరుకుతాది నాయనా, దానికి మనం ఇచ్చేది ఏమీ లేదు. కానీ దాని చాటున మనుషులకు కనపడకుండా దాంకునేదానికి మాత్రం దేవుడు దాన్ని ఇయ్యలే." కూటం ముగిశాక చూస్తే నాయన గుంజ దగ్గర లేడు. అయ్యగారు బస చేసిన గదిలో, ఆయన ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు.

ఇంటికి వచ్చి అమ్మను, నన్ను కూర్చోమన్నాడు. "నువ్వు పంతులమ్మవి, నువ్వూ వినాల" అన్నాడు నాతో.

ప్రమాదం జరిగిన రోజు ఒక తూటా అంటించినా పేలలేదట. పేలని తూటా దగ్గరికి చాలాసేపు ఎవరూ పోకూడదు. అది గనిలో అందరికీ తెలిసిన కట్టడి. చీకటి పడేలోగా రాయి తీయాలని యజమాని తొందర పెట్టాడు. నాయన ఆ మనిషిని పోయి చూడమన్నాడు. ఆయన పోయాడు, తూటా పేలింది. పోలీసులు వచ్చేలోగా ఆ మనిషి తాగి ఉన్నాడని యజమాని మాట పుట్టించాడు. జైలుకు పోతానన్న భయంతో నాయన పోలీసుల ముందు, జనం ముందు అవునన్నాడు.

"వాడు తాగలే" అన్నాడు నాయన. "వాని నోటికి ఆ వాసనే తెలీదు. పొమ్మనింది నేను. అబద్ధం చెప్పింది నేను. నేను పోయి ఆ ఇంటోళ్లకు చెప్పాల."

అమ్మ ఒక్కసారిగా ఏడుపు అందుకుంది. "దేవుని ముందర ఒప్పుకుంటివి గదా, చాలదా? పోయినాయన తమ్ముడు లారీ డ్రైవరు, వాని కోపం ఊరందరికీ తెలుసు. నిన్ను బతకనిస్తాడా? నువ్వు జైలుకి పోతే ఈ పిల్లోళ్ల మొగం ఎవురు చూడాల?"

మర్నాడు మా సంఘ అయ్యగారు కూడా వచ్చి, ఇది క్రైస్తవులకు, సాయిబులకు నడుమ గొడవగా మారవచ్చు, తొందరపడవద్దు, ప్రార్థనలో పెట్టుదామన్నాడు. ఆయన భయమూ తప్పని నేను అనను. నాయన మాత్రం గిద్దలూరు అయ్యగారు చెప్పిన మాటను పట్టుకున్నాడు. పొమ్మని నేను నిన్ను నెట్టను, కానీ పోతే మాత్రం క్షమాపణ అడిగేదానికి పోబాకు, నిజం చెప్పేదానికి పో, క్షమించేదీ మానేదీ వాళ్ల ఇష్టం అన్నాడట ఆయన. అబద్ధం అందరి ముందు చెప్పాను కాబట్టి నిజం కూడా అందరి ముందే చెబుతానని, శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళకు మసీదు దగ్గరికి పోతానని నాయన తీర్మానించుకున్నాడు.

ఆ శుక్రవారం నేను ఒక పూట సెలవు పెట్టాను. నాయన గుడిలో రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకునే ప్రభురాత్రి భోజనానికి కట్టుకునే తెల్ల పంచె కట్టుకున్నాడు. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నాయన ఆమెను తోయలేదు, ఆమె జరిగేదాకా అట్లాగే నిలబడ్డాడు. చివరికి అమ్మే పక్కకు జరిగి, "నువ్వన్నా తోడు పో" అని నాతో అంది.

ఎండ మండిపోతోంది. బజారులో నాయనకు ఎదురైనవాళ్లు ఏంది మేస్త్రీ ఈ వేళప్పుడు అని పలకరిస్తున్నారు, ఆయనకు వినపడటం లేదు. వీధి కుళాయి దగ్గర ఆగి దోసిలి పట్టి నీళ్లు తాగాడు. నీళ్లన్నీ మోచేతుల మీదుగా కారిపోయాయి. వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను. తిరిగితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆయన పైపంచెతో మూతి తుడుచుకుని ముందుకే నడిచాడు.

మసీదు మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడ్డాడు. నమాజు ముగిసి మగవాళ్లు బయటికి వస్తున్నారు. లారీ డ్రైవరు తమ్ముడు కూడా వాళ్లలో ఉన్నాడు. నాయన, గనిలో తూటా పేలే ముందు అందరినీ హెచ్చరించే ఆ పెద్ద గొంతుతోనే చెప్పాడు. "అయ్యా, అందరూ వినండి. గనిలో పోయిన మీవోడు తాగలే. పేలని తూటా కాడికి వాణ్ని పొమ్మనింది నేను. తాగినాడని చెప్పింది కూడా నేను. అది అబద్ధం."

ఎవరూ కదల్లేదు. తర్వాత ఆ తమ్ముడు మెట్లు దిగి వచ్చి నాయన చొక్కా పట్టుకున్నాడు. మొదటి దెబ్బకే నాయన మెట్ల మీద పడ్డాడు. పెదవి చిట్లి తెల్ల పంచె మీద రక్తం పడింది. నేను అరుస్తూ అడ్డం పోబోతే ఎవరో నన్ను పక్కకు లాగారు. నాయన చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. అది చూసి ఆ తమ్ముడికి ఇంకా కోపం వచ్చింది. మసీదు పెద్దాయన, తెల్ల గడ్డం మనిషి, నడుమకు వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"వీణ్ని చంపితే మీ అన్న మాట ఎవురు చెప్తారు రా? చెప్పేదానికి వీడొక్కడే ఉండాడు."

తమ్ముడు ఒగరుస్తూ ఆగాడు. "అయితే మా వదినె ముందర చెప్పు, పద" అని నాయన రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. జనమంతా వెంట నడిచారు. వాళ్ల ఇల్లు రెండు వీధుల అవతల. ఆమె వాకిట్లో పరుపు కుడుతోంది. అంతమందిని చూసి లేచి నిలబడింది. నాయన అదే మాట చెప్పాడు, ఈసారి గొంతు దిగిపోయింది. ఆమె చేతిలో సూది అట్లాగే ఉంది. ఆమె ఏడవలేదు, తిట్టలేదు.

"ఒకటి చెప్పు మేస్త్రీ" అంది. "పోయే ముందర ఆయన ఏమన్నా అన్నాడా?"

నాయన తల వంచుకున్నాడు. "ఇంకాసేపు ఆగి పోదామా మేస్త్రీ అన్నాడమ్మా. నేనే ఏం గాదు పో అన్నా."

అప్పుడు ఆమె కూలబడింది. ఆడవాళ్లు చుట్టూ చేరారు. ఎవరో పరుగెత్తి బడి నుంచి పిల్లను తీసుకువచ్చారు. ఆమె కూతుర్ని ముందుకు తోసి, "దీనికి చెప్పు" అంది. నాయన మోకాళ్ల మీద కూర్చున్నాడు, పిల్ల కళ్లూ ఆయన కళ్లూ ఒకే ఎత్తున ఉన్నాయి. "మీ నాయన తాగలే తల్లీ. మంచోడు. తప్పు చేసింది నేను" అన్నాడు.

పిల్ల ఆయన పెదవి మీది రక్తాన్ని చూసింది, నన్ను చూసింది. "రేపు మా బడికి వచ్చి చెప్తావా? అందరికీ?" అని అడిగింది.

చెప్తానన్నాడు నాయన. లేచి వచ్చేటప్పుడు వెనకనుంచి ఆమె గొంతు వినపడింది. "ఇంక నా వాకిట్లోకి రాబాకు."

మర్నాడు ప్రార్థన వేళకు, వాచిన ముఖంతో నాయన నా బడి పిల్లలందరి ముందు నిలబడి ఆ మాట చెప్పాడు. హెడ్మాస్టరు ఇబ్బంది పడి నేలచూపులు చూస్తున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. మెడ నిటారుగా పెట్టి, పలక పగలగొట్టించుకున్న పిల్లవాడి వైపే చూస్తూ ఉంది. నాయన బడి నుంచి తిన్నగా పోలీసు స్టేషనుకు పోయాడు.

ఆ తర్వాత యజమాని మనుషులు వచ్చి, మాట మార్చుకోకపోతే కూతురి ఉద్యోగం ఊడగొట్టిస్తామని బెదిరించారు. మా సంఘంలోనే కొందరు, అందరి ముందు క్రైస్తవుల పరువు తీశాడని మాతో మాట్లాడటం మానేశారు. అమ్మ గుడికి పోతే బెంచీ మీద పక్కన ఎవరూ కూర్చునేవారు కాదు. కోర్టులో నాయన లాయరును పెట్టుకోలేదు. అడిగిందానికల్లా అవునన్నాడు. యజమాని తప్పించుకున్నాడు, నాయన కొన్ని నెలలు జైల్లో ఉన్నాడు. అమ్మ కోత షెడ్డుకు పోయింది. ఆమె చేతులు పగిలి రక్తం కారుతుంటే నేను ఆముదం రాస్తూ, నాయన మీద కోపం తెచ్చుకున్న రోజులూ ఉన్నాయి. దేవుడు ఇంత కష్టపెట్టే దారిలోకి పిలవడమేమిటని అమ్మను అడిగాను. "పిలిచినాడు గదా" అంది అమ్మ, అంతే.

జైలు నుంచి వచ్చిన నాయనకు ఏ గనిలోనూ పని ఇవ్వలేదు. ఆయనే గనుల వెంట తిరగడం మొదలుపెట్టాడు. పేల్చే వేళకు గట్టు మీద నిలబడి, పేలని తూటా ఉంటే ఎవరూ పోబాకండని అరిచేవాడు. యజమానులు కుక్కల్ని ఉసిగొల్పి తరిమేవారు, మర్నాడు మళ్లీ పోయేవాడు. కూలివాళ్లు మాత్రం ఆయన మాట వినేవారు. అప్పటికి మా పేటలో ఒక్కొక్కరే దగ్గుతో పడిపోతున్నారు. దుమ్ముకు ఊపిరి ఆడనివాళ్లను నాయన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని, తాను దిగి నెట్టుకుంటూ ఆసుపత్రికి తీసుకుపోయేవాడు. దొడ్డికి పోలేనివాళ్లకు తానే శుభ్రం చేసేవాడు. కోపిష్టి మనిషని పేరున్న నాయన, ముసలివాళ్లకు గంజి తాగించేటప్పుడు అంత ఓపిగ్గా గిన్నె పట్టుకోవడం చూసి మా తమ్ముడు ఆయన ఒళ్లోకి మెల్లగా చేరాడు.

ఒక మధ్యాహ్నం నాయన అట్లా ఒక మనిషిని నెట్టుకుపోతుంటే దారిలో అతనికి శ్వాస అందలేదు. నేను వెనక నుంచి అతని వీపు పట్టుకుని నడుస్తున్నాను. ఎదురుగా వస్తున్న పలకల లారీ ఒకటి మమ్మల్ని దాటిపోయి ఆగింది. డ్రైవరు దిగాడు. ఆ తమ్ముడే. నాయన సైకిల్ వదల్లేదు, కళ్లు దించుకుని నిలబడ్డాడు. అతను నాయన ముఖం చూడలేదు, రోగి ముఖం చూశాడు.

"ఎక్కించు" అన్నాడు.

లారీ వెనక్కి తిప్పి మమ్మల్ని ఆసుపత్రి దగ్గర దించి వెళ్లిపోయాడు. ఆ రోగి ఇంకొన్నాళ్లు బతికాడు. ఆ తర్వాత ఎప్పుడు కబురు చేసినా, చేతిలో లోడు లేకపోతే ఆ లారీ మా పేటకు వచ్చేది. నాయనతో అతను ఏనాడూ నవ్వి మాట్లాడలేదు. వచ్చేవాడు, అంతే.

చాలా ఏళ్లకు నాయనకు కూడా అదే దగ్గు వచ్చింది. మంచం మీద కూర్చుని కిటికీ పట్టుకుని ఊపిరి తీసుకునే రోజుల్లో, ఒక సాయంత్రం ఆ పిల్ల తల్లి మా ఇంటికి వచ్చింది. ముసుగు సర్దుకుంటూ గుమ్మంలో నిలబడిన ఆమెను చూసి అమ్మకు ఏం చెయ్యాలో తోచలేదు. నేను కుర్చీ వేశాను. ఆమె కూర్చోలేదు.

"నిన్ను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండతాది మేస్త్రీ" అంది. "కానీ నమాజులో నిన్ను శపించేది మానేసినా. మానేసి శానా దినాలాయ. నీకు తెలవాలని చెప్పిపోదామని వచ్చినా."

నాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టబోయాడు, దగ్గు తెర ముంచుకొచ్చింది. ఆమె కుండలోంచి నీళ్లు ముంచి అమ్మ చేతికి ఇచ్చింది, ఆయన తాగేదాకా ఉండి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం నాయన ఏడ్చినంతగా జైలుకు పోయేటప్పుడు కూడా ఏడవలేదు. క్షమించాననే మాట ఆమె అనలేదు, ఆయన అడగనూ లేదు. ఆమె ఇవ్వగలిగినంత ఇచ్చింది. దేవుని కనికరం ఇట్లా కొంచెం కొంచెంగా, మంటతో సహా, ఒక మనిషి నోటి వెంట కూడా వస్తుందని నాకు ఆనాడే తెలిసింది. ఆ వారంలోనే నాయన కన్నుమూశాడు.

ఇప్పుడు ఆ గనుల్లో చాలావాటిలో నీళ్లు నిలిచి నాచు పట్టింది. కూటాలకు పెద్ద పెద్ద స్పీకరు బాక్సులు పెడుతున్నారు, పశ్చాత్తాపపడేవాళ్లు చేతులెత్తండి అంటే పందిరంతా చేతులే, నాదీ వాటిలో ఒకటి. ఎవరిని ఎవరు నొప్పించినా మర్నాటికి ఫోనులో దండం పెట్టే రెండు చేతుల బొమ్మ వస్తుంది. నేనూ తిరిగి అట్లాంటి బొమ్మే ఒకటి పంపిస్తాను. నొప్పించినవాళ్లు ఎండలో నడిచి రావలసిన పని లేదు, నొచ్చుకున్నవాళ్లు ఎదుట నిలబడి ఇంకా మండుతోందని చెప్పవలసిన పనీ లేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండానే అంతా అయిపోతుంది. అయిపోయిందనే అనుకుని, ఫోను పక్కన పెట్టి పనుల్లో పడతాం.